కంప్యూటర్ కాగితం, ఉస్తాద్ రాగితీగ

మా నాయిన నాకు దుకాణం అప్పగించేటప్పుడు తాళాల గుత్తితో పాటు ఒక మాట కూడా ఇచ్చాడు. "గిరాకికి ధర చెప్పురా, జాడ చెప్పకు." మాలు ఎవరి దగ్గర కొన్నామో, ఎక్కడ దొరుకుతుందో మూడో మనిషికి తెలియకూడదు. తెలిస్తే వాడు మనల్ని దాటుకుని నేరుగా అక్కడికే పోతాడు. తాళాలు రెండు మూడు సార్లు పోగొట్టుకున్నాను గాని ఆ మాటను ఒక్కసారి కూడా పోగొట్టుకోలేదు. పోగొట్టుకుని ఉంటే బాగుండేది.

మాది వరంగల్ బజారులో గిన్నెల దుకాణం. నా చిన్నతనంలో ఇత్తడి, నేను గల్లా మీద కూర్చునే నాటికి స్టీలు. పాత బిందెలు తెచ్చి కాంటా మీద పెట్టి, మెరిసే స్టీలు సామాను పట్టుకుపోయే కాలం అది. డెబ్బైల చివర్లో ఇత్తడితో పాటు వాల్వు రేడియోలు కూడా రావడం మొదలైంది. చేతిలో పట్టే ట్రాన్సిస్టర్లు వచ్చేశాక, సందూకంత ఉండి, మీట నొక్కిన నిమిషానికి గాని నోరు విప్పని రేడియో ఎవరికి కావాలి?

"సేటూ, దీనికి ఎన్ని గిలాసలిస్తవ్?" అని ఆడవాళ్లు అడిగేవాళ్లు.

నేను దాన్ని అటూ ఇటూ తిప్పి ముక్కు చిట్లించేవాణ్ణి. "లోపలంత బూజే ఉన్నదమ్మా. రెండిస్త. నీ మొకం చూసి ఇస్తున్న." మరీ మొండికేస్తే ఒక టిఫిన్ డబ్బా. పాడుతుందా, పాడదా అని ఒక్కరినీ అడగలేదు. నాకు కావలసింది బరువు.

ఆ బరువును కొనే మనిషి ఉస్తాద్. స్టేషన్ రోడ్డులో, సైకిల్ షాపుకూ చాయ్ హోటల్‌కూ మధ్య ఇరుక్కున్న రేడియో రిపేరు డబ్బా ఆయనది. లోపలికి పోవాలంటే మనిషి పక్కకు తిరగాలి. యాభై దాటిన వయసు, ముక్కు కొసన నిలిచే కళ్లద్దాలు, సోల్డరింగు వేడికి మొద్దుబారిన వేళ్ల చివరలు. మొదటిసారి నాలుగు రేడియోలను రిక్షాలో వేసుకుపోయి "కిలోకు ఎంతిస్తవ్?" అని బేరం మొదలుపెట్టాను.

"కొబ్బరికాయను తూకమేసి కొంటవా సేటూ? ఊపి చూస్తవు గద," అన్నాడాయన. "జర కూసో."

ఒక రేడియో వెనక అట్ట విప్పి, ఏవో రెండు తీగలు మార్చి, తన రికార్డు ప్లేయరుకు తగిలించాడు. వాల్వులు మెల్లగా నారింజ రంగుకు తిరిగాయి. సన్నాయి రికార్డు పెట్టాడు. నేను సన్నాయి విననివాణ్ణి కాదు. పెళ్లిళ్ల సీజన్లో మా దుకాణం ముందు రోజుకు నాలుగు ఊరేగింపులు పోతాయి. కాని ఆ రోజు ఒక వరుస అయిపోయి ఇంకొకటి మొదలయ్యే ముందు, వాయించేవాడు ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. అంతవరకు పాట పెట్టెలోంచి వస్తుందనుకునేవాణ్ణి. పెట్టె వెనక ఒక మనిషి కూర్చున్నాడని ఆ డబ్బాలో తెలిసింది.

నా రెండు గిలాసల రేడియో అది.

అట్లాంటిది ఒకటి నాకు కావాలనిపించింది. కావాలనిపించినప్పుడు మొహంలో కనిపించనివ్వకపోవడం మా ఇంటి విద్య. ఆ రోజు ఏమీ అనకుండా వచ్చేసి, మర్నాడు పొద్దున ఉస్తాద్ డబ్బా తలుపు తెరిచేసరికి ఎదురుగా నిలబడ్డాను. బోణీ గిరాకిని ఏ దుకాణదారూ వట్టి చేతులతో పంపడు. మొదటి బేరం చెడితే ఆ దినమంతా చెడుతుందని అందరి నమ్మకం. ఆ కత్తితో నన్ను చాలామంది కోశారు, అందుకే దాని పదును నాకు తెలుసు.

ఆయన వివరంగా చెప్పాడు. రికార్డు ప్లేయరుకూ స్పీకర్లకూ మధ్య ఉండే యాంప్లిఫయర్ చేస్తాడు. అందులో రెండు పెద్ద వాల్వులు జోడీగా పనిచేస్తాయి. వాటి బలాన్ని స్పీకరుకు అందించే ట్రాన్స్‌ఫార్మర్‌ను తన చేత్తో చుట్టుతాడు. అసలు సంగతంతా ఆ చుట్టడంలోనే ఉంది. ఇదంతా విని ఆయన చెప్పిన ధరకు సగం అన్నాను. ఆయన దిగాడు. నేను ఎక్కలేదు. ఇంకా దిగాడు.

"ఇంగ కిందికి పోతే రాగితీగ ధర గూడ ఎల్లది సేటూ."

"బోణీ టైం ఉస్తాద్. మొదటి మాట ఖరాబు చెయ్యకు."

ఆయన కళ్లద్దాలు తీసి అంగీ కొసతో తుడుచుకున్నాడు. "సరే, నీ ధరకే ఇస్త. కాని ఒక్క మాట. నీ ఇంటికి పెద్దోళ్లొస్తరు, సదువుకున్నోళ్లొస్తరు. విన్నోళ్లకు చెప్పు, స్టేషన్ రోడ్ల గీ డబ్బల కూసున్నోడు చేసిండని. నలుగురొస్తే నా బండి నడుస్తది. గంతే."

"గదెంత పని ఉస్తాద్! ఊరంత చెప్త."

మాటకు ఖర్చేముంది? అంత మంచి బేరం జన్మలో చేయలేదనుకుంటూ ఇల్లు చేరాను.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేటప్పుడు రోజూ పోయి కూర్చునేవాణ్ణి. నాసిరకం తీగ వాడతాడేమోనని అనుమానం. ప్రేమ అని ఎవరన్నా అనుకుంటే వాళ్లిష్టం. పాత కుట్టుమిషన్ చక్రంతో చేసుకున్న చిన్న యంత్రం. చక్రం తిప్పుతూ ఉర్దూలో గొణుక్కుంటూ చుట్లు లెక్కపెట్టేవాడు. వెంట్రుకంత సన్న తీగ కొన్ని వరుసలు, దాని మీద కాగితం, ఆ కాగితం మీద పెన్సిలుతో లెక్క; మీద లావు తీగ, మళ్లీ కాగితం, మళ్లీ సన్న తీగ. 

"సన్నదంత ఒక్కతాన చుట్టి, లావుదంత మీద చుట్టొచ్చు గద? ఇన్ని కాయితాలెందుకు?" అన్నాను. ఆలస్యమైనకొద్దీ మనసు మార్చుకుని ఎక్కువ అడుగుతాడేమోనని నా భయం.

"పప్పు ఒకపారి తిని, అన్నం ఒకపారి తింటవా సేటూ? కలుపుకుంటవు గద. కలుపకున్నా మోగుతది, మోగదని కాదు. సన్నాయికి గొంతు పట్టేస్తది."

యాంప్లిఫయర్, దాంతో పాటు ఒక పాత రికార్డు ప్లేయరు, స్పీకర్లు ఇంటికి వచ్చాయి. ఆదివారాలు మా ముందరి గదిలో నలుగురైదుగురు చేరేవాళ్లు. మొదటి ఆదివారం, పక్క బట్టల దుకాణం ఆయన రికార్డు అయిపోయాక కూడా కాసేపు కదలలేదు. తరవాత అడిగాడు.

"ఏడ పట్టినవే దీన్ని?"

నోట్లో ఉస్తాద్ పేరే ఉంది. ఒట్టు. కాని ఆ ప్రశ్న వేసే గొంతు నాకు బాగా తెలిసిన గొంతు. మా బజారులో ఆ గొంతుతో అడిగినవాడికి ఎవరూ నిజం చెప్పరు. నా నాలుక నన్ను అడగకుండానే మా నాయిన మాట విన్నది.

"బొంబాయి పార్టీ అన్నా. ఫారిన్ మాలు."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. వాటిలో నా సెట్టు ధర పదింతలైంది. ఆ సుఖం ఇంతా అంతా కాదు. మర్నాడు తుక్కులో పడి ఉన్న ఒక విదేశీ రేడియో నుంచి ఇంగ్లీషు అక్షరాల ఇత్తడి బిళ్ల పీకి, చింతపండుతో తోమి, రెండు మరలతో యాంప్లిఫయర్ ముందు బిగించాను. అబద్ధం చెబితే దానికి బిల్లు కూడా రాసివ్వాలి, లేకపోతే నిలవదు.

ఆ ఆదివారాల్లో క్రమం తప్పకుండా వచ్చే మనిషి ఒక లెక్కల లెక్చరర్. హనుమకొండ నుంచి బస్సెక్కి వచ్చేవాడు. ఇంజనీరింగు విద్యార్థులకు లెక్కలు చెప్పే సారు. రికార్డులు చంకలో పెట్టుకుని, చాయ్ చల్లారినా పట్టించుకోకుండా కళ్లు మూసుకుని వినేవాడు. 

"నాగ్గూడ ఒకటి తెప్పించరాదూ? ధర ఎంతైనా సరే," అన్నాడొకసారి.

"ఆ పార్టీ బందయింది సార్. ఇప్పుడు రావట్లేదు."

తరవాత బట్టల దుకాణం ఆయన, ఒక డాక్టరు, మా పెద్ద బావ అడిగారు. అందరికీ అదే జవాబు. ఉస్తాద్ నలుగురిని పంపమన్నాడు. నన్ను అడిగినవాళ్లు సరిగ్గా నలుగురు. ఇంకొకరి ఇంట్లో కూడా ఆ ఊపిరి వినిపిస్తే నా ముందరి గదికి ఎవరొస్తారు?

స్టేషన్ రోడ్డు మీదుగా పోయినప్పుడల్లా ఆయన తల ఎత్తేవాడు.

"ఎవలన్న అడిగిన్రా సేటూ?"

"అడుగుతాండ్రు ఉస్తాద్. వస్తరు."

"తొందరేం లేదు తియ్యి. మంచి మాట జర నిదానంగనే పోతది."

కొన్నాళ్లకు ఆ రోడ్డు మీదుగా పోవడం మానేశాను. ఇంటింటికీ టేప్‌రికార్డర్లు వచ్చాయి. వాల్వు సామాను బాగు చేయించుకునేవాళ్లు లేకుండా పోయారు. ఒకరోజు రిక్షాలో పోతూ చూస్తే ఉస్తాద్ డబ్బాలో రంగుల కాగితాలు అంటించుకుని ఎవరో క్యాసెట్లు నింపి ఇస్తున్నారు. ఆయన ఎక్కడికి పోయాడని రిక్షా ఆపి అడగలేదు. అడగకపోవడానికి ఆ రోజు ఒక కారణం కూడా దొరికింది: రిక్షావాడు వెయిటింగు అంటాడు.

ఎనభైలు సగమయ్యాక ఆ జోడీ వాల్వుల్లో ఒకటి చచ్చిపోయింది. మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చాలని ఉస్తాద్ ముందే చెప్పి ఉన్నాడు. "ఎడ్ల లెక్క సేటూ. ముసలిదాని పక్కకు కోడెను గడితే బండి బోర్ల పడ్తది." హైదరాబాదులో వాల్వులమ్మే ఆయన కూడా జోడీ తీసుకొమ్మనే అన్నాడు. నాకు నవ్వొచ్చింది, గిన్నె కొనడానికి వచ్చినవాడికి మూత కూడా అంటగట్టేవాణ్ణి నేనే గదా. ఒకటి పాడైతే రెండు కొనే వంశం కాదు మాది. ఒక్కటే, అది కూడా గీచి గీచి కొని తెచ్చాను.

రెండో ఆదివారం, లెక్చరర్ సారు కళ్లు మూసుకుని వింటుండగా, కొత్త వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలడం మొదలైంది. చూడటానికి అందంగానే ఉంది. నేను చూస్తూ కూర్చున్నాను. తరవాత లక్క కాలిన వాసన, సన్నగా పొగ. మీట ఆపేసరికి ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయింది.

"కంపెనీకి రాస్తే డ్రాయింగ్ పంపరా?" అన్నాడు సారు బిళ్ల మీది పేరు చదువుతూ. 

"ఆ కంపెనీ ఎప్పుడో మూతపడ్డది సార్." అబద్ధాలకు నా దగ్గర స్టాకు ఎప్పుడూ ఉండేది.

సారు మొహం అప్పటికే వెలిగిపోతోంది. "ఫికర్ ఎందుకు? మా కాలేజీకి కంప్యూటర్ వచ్చింది. వాల్వు ఏదో తెలుసు, స్పీకరు తెలుసు. ఎన్ని చుట్లో అదే చెప్తది."

హనుమకొండలో ఆ గది బయట చెప్పులు విడిపించారు. లోపల మాఘమాసం చలి. మనుషులకు లేని ఏసీ యంత్రానికి పెట్టారు. సారు గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకంలోని సూత్రాలను ముందురోజే ఎక్కించాడట. మీటలు టకటక కొట్టాడు. పచ్చ అక్షరాలు పరుగెత్తాయి. పక్క యంత్రం కీచుమని అరుస్తూ, అంచుల వెంబడి బెజ్జాలున్న వెడల్పు కాగితం కక్కింది. ఆ కాగితంలో సన్న తీగ చుట్లు, లావు తీగ చుట్లు, తీగల మందం అంకె తప్పకుండా ఉన్నాయి. ఉస్తాద్ రోజుల తరబడి గొణిగిన లెక్కను అది నేను తుమ్మేలోగా చెప్పేసింది. గుళ్లో కూడా నేనంత భయభక్తులతో నిలబడలేదు.

"కంప్యూటర్ తప్పు చెప్పది. అడిగిందానికే చెప్తది, అంతే," అన్నాడు సారు. అందులో రెండో ముక్కను ఆ రోజు ఇద్దరమూ పట్టించుకోలేదు.

లెక్క దొరికింది సరే, చుట్టేదెవరు? మా ఊళ్లో రాగితీగ చుట్టేది ఒక్క చోటే, పంపుసెట్ల మోటార్లు బాగుచేసే షాపుల్లో. సారు, నేను ఒక ఆటోలో ట్రాన్స్‌ఫార్మరూ కాగితమూ పట్టుకుని పోయాం. రఘునాథపల్లి దిక్కు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో లో ఓల్టేజీకి కాలిన మోటార్లు షాపు ముందు వరసగా పడి ఉన్నాయి. వాటి పక్కనే రైతులు తువ్వాళ్లు పరుచుకుని కూర్చున్నారు.

"గిసోంటి సన్నటి బారీకు పని మా ముసలాయన చేస్తడు," అని షాపాయన లోపలికి కేకేశాడు. "ఓ ఉస్తాద్! జర ఇటు రా."

పేరు వినగానే తెలిసిపోయింది. అయినా ఇంకెవరో ఉస్తాద్ కావాలని మొక్కుకున్నాను. 

ఆయనే. కళ్లద్దాల ఒక కాడకు దారం కట్టుకున్నాడు. నన్ను చూశాడు. నా చేతిలోది చూశాడు. తీసుకుని తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"వాల్వు ఒక్కటే మార్చిన్రా?" అన్నాడు. 

సారే అందుకున్నాడు. "జాగ్రత్తగ విప్పు పెద్దాయనా. అది ఫారిన్ ది. కంపెనీ పేరు గూడ ముందట బిళ్ల మీద ఉన్నది. డ్రాయింగ్ దొరకలేదు, అందుకే కంప్యూటర్ల లెక్క తీసుకొచ్చినం."

"ఫారిన్ దా సార్?"

ఉస్తాద్ నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. కాంటా ముల్లు నిలబడటానికి పట్టేంతసేపు.

"ఔ సార్, ఫారిన్ మాలే. మనోళ్లు గింత సాఫ్‌గ ఏడ చుడ్తరు?"

కింద కూర్చుని రేకులు ఊడదీశాడు. కాలిన తీగను విప్పుతూ పోతుంటే వరుస వరుసకూ కాగితాలు బయటపడ్డాయి. అంచులు మాడినా పెన్సిలు రాత చెక్కుచెదరలేదు. ఉర్దూ అంకెలు. సారు వంగి చూడబోయేలోగా ఉస్తాద్ ఒక్కొక్క కాగితాన్ని పిడికిట్లో నలిపి అంగీ జేబులో కుక్కుకున్నాడు.

"ఏమిటవి?" అన్నాడు సారు.

"కాలిన కాయితాలు సార్. ముట్టకుండ్రి, మసి అంటుతది."

తన రాతను తానే దాచాడు. ఎవరి పరువు కోసమో ఆ షాపులో మా ఇద్దరికే తెలుసు.

తరవాత కంప్యూటర్ కాగితాన్ని మోకాళ్ల మీద పరుచుకుని, వేలు పెట్టి అంకెలు చదివాడు. తల ఊపాడు. "లెక్క కరెక్టే సార్. అచ్చం గిన్నే చుట్లు. మరి ఎట్ల చుట్టాలె? పేపర్ల ఉన్నట్లా, నాకెరుక ఉన్నట్లా?"

"నీకెట్ల ఎరుక?" అన్నాడు సారు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే.

ఉస్తాద్ కాగితం మీద వేలు అట్లాగే ఉంచి నా వైపు తిరిగాడు. ఆ జవాబు నాది. ఏడెనిమిదేళ్ల కింద బోణీ పూట నేను ఒప్పుకున్న ధర అదే. ఇప్పటికీ చెల్లించవచ్చు, ఈయనే చేశాడు సార్ అంటే చాలు. షాపాయన చూస్తున్నాడు, రైతులు చూస్తున్నారు, సారు చూస్తున్నాడు. సారుకు ఆదివారాలు నేను చెప్పిన బొంబాయి కథలన్నీ నా కళ్ల ముందు వరస కట్టాయి.

"పేపర్ల ఉన్నట్లే చుట్టు," అన్నాను. 

ఉస్తాద్ అన్న పిలుపు కూడా నా నోట రాలేదు.

ఆయన కాగితంలో ఉన్నట్టే చుట్టాడు. కలిపి చుట్టమని అందులో లేదు గనక సన్నదంతా ఒక్కచోట, లావుదంతా దాని మీద. ఒక్క చుట్టు తక్కువ కాదు, ఎక్కువ కాదు. ఈసారి జోడీ వాల్వులు కొన్నాను. ఆదివారం సారు స్వయంగా రికార్డు పెట్టాడు. మోగింది. గట్టిగానే మోగింది. 

"చూసినవా కంప్యూటర్ అంటే!" అని సారు నా వీపు మీద చరిచాడు. 

సన్నాయి దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది. ఒక వరుస అయిపోయింది. చెవి రిక్కించాను. ఇంకో వరుస మొదలైంది. మధ్యలో ఏమీ లేదు. పెట్టె వెనక మనిషి లేచి వెళ్లిపోయాడు.

నెల ఓపిక పట్టాను. తరవాత ఒక పొద్దున, మోటార్ల షాపు తెరిచే వేళకు ఒక్కణ్ణే పోయి నిలబడ్డాను. షాపాయన ఇంకా రాలేదు. ఉస్తాద్ తలుపులు తీస్తున్నాడు.

"బోణీకే దొరికినవు సేటూ," అన్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలియలేదు.

"ఈసారి బేరం చెయ్య ఉస్తాద్. నువ్వు చెప్పిందే ధర. నీకెరుక ఉన్నట్లే మల్ల చుట్టు."

"కొత్త ధరేముంటది? పాతదే బాకీ ఉన్నది గద. ఆ సారును తోల్కరా. బిళ్ల పీకి నా చేతుల పెట్టు. ఎవలు చేసిన్రో నా ముంగట ఆయనకు చెప్పు. తీగ పైసలు గూడ ఒద్దు, చుట్టిస్త."

నా పుట్టుక ఎక్కడికి పోతుంది? ఆ మాట వినగానే లోపల ఏదో తక్కెడ పట్టుకుని లేచింది.

"బిళ్ల పీకి తెస్త ఉస్తాద్, ఇయ్యాల్నే తెస్త. సారెందుకు మధ్యల? జర చూసి..."

"ఇంగ తగ్గది సేటూ."

ఆయన తలుపు రెండో రెక్క కూడా తెరిచాడు. నేను మెట్టు వైపు తిరిగాను.

"సరే. రేపొస్త."

దుకాణంలో పెరిగినవాణ్ణి. రేపొస్తానని మెట్టు దిగిన గిరాకి సంగతి నాకు తెలుసు. ఆయన కూడా పాతికేళ్లు డబ్బా నడిపిన మనిషే. అందుకే నేను ఇంకా మెట్టు మీద ఉండగానే ఒక మోటారును దగ్గరికి లాక్కుని, దాని మీదికి వంగి, కాలిన తీగ కోయడం మొదలుపెట్టాడు.